బొమ్మవాడి మీద పంచాయితీ

ఎం.ఏ. తెలుగు చదివిన కృష్ణకుమారి పేరు అచ్చులో ఒకే ఒక్కసారి కనిపించింది, సొంత పెళ్లి శుభలేఖలో. అక్కడ కూడా మేనమామల పేర్ల మధ్య ఇరుక్కుపోయి, వెతుక్కుంటే గాని దొరకలేదు. ఆ తర్వాత భర్త చక్రధరరావు వెంట బస్తరు అంచున ఉన్న కుంట అనే ఊరికి వచ్చింది. ఆయన నీళ్ల మోటార్లు బాగుచేస్తుంటే ఆవిడ కూరలు బాగుచేస్తూ ఉండిపోయింది. అందుకే ఆడపడుచు కొడుకు వీరేందర్ హైదరాబాదు నుంచి వచ్చి, "అత్తయ్యా, తెర మీద నీ పేరు పడుతుంది. 'మాటలు: కృష్ణకుమారి' అని, ప్రతి భాగం మొదట్లో," అన్నప్పుడు, బీరకాయ చెక్కు తీయడం ఆపలేదు గానీ, ఆ పేరు తెరకు ఎడమ పక్కన పడితే బాగుంటుందా కుడి పక్కనా అని మనసులో అటూ ఇటూ జరిపి చూసుకుంది.

వీరేందర్ పనిచేసేది బొమ్మల సీరియళ్లు తీసే కంపెనీలో. ఫోన్లో ఆడే ఒక ఆటను టీవీ సీరియల్‌గా మార్చే పని వాళ్లకు తగిలింది. ఆట పేరు 'అడవి దౌడు'. ఆకుల టోపీ పెట్టుకున్న ఒక కుర్రవాడు అడవిలో ఎడమ నుంచి కుడికి పరుగెత్తుతూ ఉంటాడు. ఎందుకు పరుగెత్తుతాడో ఆట తయారుచేసినవాళ్లకు కూడా తెలియదు. దారిలో పువ్వు కనిపిస్తే ఏరుకుంటాడు, కుండ కనిపిస్తే పగలగొడతాడు, ఎలుగుబంటి కనిపిస్తే చస్తాడు, చచ్చి మళ్లీ లేస్తాడు. చిట్టచివర ఒక బురుజు మీద ఒక పిల్ల నిలబడి ఉంటుంది. ఆ పిల్ల దగ్గరికి చేరగానే ఆట అయిపోతుంది కాబట్టి వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో లోకంలో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లలో ఆ వీరుడు నోరు తెరిచి అన్నది 'హుప్' ఒక్కటే.

"ఆ హుప్‌ను సాగదీసి వారానికి అరగంట కథ చేయాలత్తయ్యా," అన్నాడు వీరేందర్.

"దానికేముంది. మీ మామయ్య రోజుకోసారి 'ఊఁ' అంటాడు. మిగతా సంసారమంతా నేను కల్పించుకోవట్లేదూ," అంది కృష్ణకుమారి.

ఒక షరతు ఉంది. కథ బస్తరు అడవిలో జరుగుతుంది కాబట్టి మాటా గొంతూ అక్కడివాళ్లవే కావాలని ఛానెల్ పట్టుబట్టింది. వచ్చే సంత అయ్యాక వీరేందర్ రికార్డింగ్ పెట్టెతో మళ్లీ వస్తాడు. ఆలోపు గొంతులు కుదరకపోతే పని మొత్తం రాయపూర్‌లో ఇంకో బృందానికి పోతుంది. వాళ్లకు రచయిత ఉన్నాడు. పేరూ అతనిదే పడుతుంది.

కృష్ణకుమారికి గొంతులు వెతకడం కష్టం కాలేదు. ఎర్రబోరు ఊరు దాటి కొంచెం లోపలికి వెళితే దొర్ల తెగవాళ్ల గూడెం ఒకటుంది. అక్కడి పొలాల్లో నడిచే మోటార్లన్నీ చక్రధరరావు చేతిలో ఒకసారైనా పడ్డవే, కాబట్టి అక్కడ ఆవిడ పేరు మోటరమ్మ. ట్రాక్టరు నడిపే సుమన్ వీరుడి గొంతుకు ఒప్పుకున్నాడు. కోసి అనే ఆవిడ కూతురు జోగే బురుజు మీది పిల్లకు ఒప్పుకుంది. గూడెం పెద్ద ముయా, ఎవరూ అడగకముందే, ఎలుగుబంటి తాను చేస్తానన్నాడు. వీరుడికి లచ్చు అని పేరు కూడా పెట్టారు.

మాటల దగ్గర చిన్న చిక్కొచ్చింది. బురుజు మీది పిల్ల మొదటిసారి నోరు విప్పే చోట కృష్ణకుమారి ఎంతో ఇష్టంగా, "వీరుడా, నీ కోసం చూసి చూసి నా కన్నులు కాయలు కాచినవి," అని రాసుకుంది. జోగే కాగితం తీసుకుని చదివింది.

"ఈమెకు కండ్లకలకనా?" అని అడిగింది.

"కాదే, ఎదురుచూసిందని."

"మరి ఎదురుచూసిన అనొచ్చు గదా. బురుజు దిగి ఓ చిన్న పని చేసుకోవచ్చు గదా."

కృష్ణకుమారి ఆ మాట కొట్టేసింది. పెద్ద నష్టమేమీ కాదు, మిగతావి ఉన్నాయిగా అనుకుంది.

వీరేందర్ పంపిన మొదటి భాగం, ఇంకా గొంతుల్లేని మూగబొమ్మ, ముయా ఇంటి టీవీలో వేసి చూపించిన మధ్యాహ్నం గూడెమంతా వచ్చింది. లచ్చు పరుగెత్తాడు. ఎలుగుబంటి కొడితే చచ్చాడు, లేచాడు, మళ్లీ చచ్చాడు, మళ్లీ లేచాడు. చచ్చినవాడు లేవడం వాడి సొంత విషయమన్నట్టు ఊరుకున్నారు. ముయా మాత్రం ఎలుగు బాగుందన్నాడు.

తర్వాత లచ్చు ఇప్పచెట్ల తోపులోకి వచ్చాడు. అడవి అసలైనదిలా ఉండాలని వీరేందర్ మనుషులు మొన్న ఎండాకాలం మొదట్లో వచ్చి ఈ చుట్టుపక్కలే ఫొటోలు తీసుకెళ్లి, వాటిని చూసి కొమ్మ కొమ్మకూ బొమ్మ గీశారు. చెట్ల కింద పసుపుపచ్చగా రాలిన పువ్వు. లచ్చు పరుగెత్తుతుంటే ఆ పువ్వంతా దానంతటదే ఎగిరొచ్చి వాడి సంచిలో పడుతోంది.

"ఆపు," అంది వెనక నుంచి కోసి.

కృష్ణకుమారి ఆపింది. లచ్చు ఒక కాలు గాలిలో పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ చెట్టు నాది," అంది కోసి.

బయటివాళ్లకు అడవంటే అడవే. గూడెంవాళ్లకు అందులో ప్రతి ఇప్పచెట్టుకూ ఒక ఇల్లుంది. తాత ఏరిన చెట్టు కింద తండ్రి, తండ్రి ఏరిన చెట్టు కింద పిల్లలు ఏరుకుంటారు. ఇంకొకరి చెట్టు కింద వంగితే నడుము నొప్పనే సాకు కూడా చెల్లదు.

"కోసమ్మా, అది బొమ్మ," అంది కృష్ణకుమారి.

"బొమ్మని నాకెరుకే. ఆ పక్క కొమ్మ పిడుగు పడి ఇరిగింది మా ఆయన బతికున్నప్పుడు. కింద జూడు, ఆకులు గాలబెట్టి, ఊడ్చి, సాపు జేసి పెట్టుకున్న నేను. వీడేమో చెప్పులతోని తొక్కుకుంట పోతాండు."

"దాని పక్కది మాది," అన్నారింకెవరో.

"ఆ జంట చెట్లు మావి. వాడు రెంటి కిందా ఏరిండు. చూసిన నేను."

క్షణంలో తోపంతటికీ వాటాలు తేలిపోయాయి. ముయాకు కూడా వెనక వరసలో తన చెట్టు దొరికింది. ఆయన ఎలుగుబంటి మొహం తీసి పెద్దమనిషి మొహం పెట్టుకున్నాడు.

"మోటరమ్మా, వీడు బొమ్మే. చెట్టు బొమ్మ గాదు గదా. సంత తెల్లారి పేశీ పెడదాం, విచారిద్దాం. వీణ్ని హాజరు జెయ్యి."

ఇంతకంటే పెద్ద పిడుగు సుమన్ వేశాడు. పేశీ తేలేదాకా తాను గొంతియ్యనన్నాడు. "నా గొంతుతోని దొంగతనం జేయిస్తవా అక్కా? రేపు బజార్ల నాకు పిల్లనెవరిస్తరు? వీడేనా ఆ ఇప్పపువ్వు దొంగ అంటరు." అతని వెనకే జోగే కూడా లేచింది. దొంగ కోసం బురుజు మీద నిలబడితే తనకూ మాట వస్తుందట.

సంత తెల్లారి అంటే వీరేందర్ వచ్చే రోజే. కృష్ణకుమారి ఇంటికొచ్చి భర్తకు జరిగింది చెప్పింది. ఆయన అంతా విని, వాడి తరఫున జామీను ఎవరిస్తారు అని అడిగి, అన్నం కలుపుకున్నాడు.

పేశీ రోజు ముయా ఇంటి ముందు పందిరిలో టీవీ పెట్టారు. ముద్దాయి లేకుండా విచారణ లేదు కాబట్టి లచ్చును తెర మీదికి రప్పించి, కాలు గాలిలో ఉండగా ఆపారు. వీరేందర్ అప్పుడే బండి దిగి, నల్లటి పెట్టె భుజానేసుకుని వచ్చాడు. సభ మధ్యలో నేల మీద, టీవీ పక్కన, అత్తయ్య కూర్చుని ఉంది.

"ఏందత్తయ్యా ఇది?"

"నోరు మూసుకుని వెనక కూర్చో. మనవాడి మీద కేసు నడుస్తోంది."

ముయా గొంతు సవరించుకున్నాడు. "వీని ఊరేది?"

కృష్ణకుమారి వీరేందర్ వంక చూసింది. వీరేందర్ నేల వంక చూశాడు.

"ఇంటిపేరు?"

వీరేందర్ పెట్టెను ఒళ్లోకి లాక్కున్నాడు.

"తండ్రెవరు? తల్లెవరు? ఎవలి కొంపల తిని పరుగుపెడుతుండు వీడు?"

లక్షలమంది వీణ్ని పరుగెత్తించారు గాని ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు. ఎం.ఏ.లో వీరుడి లక్షణాలు కంఠతా పట్టిన కృష్ణకుమారికి కూడా వీడి అమ్మ ఎవరో తట్టలేదు.

"ఎవ్వరూ లేనోడైతే ఇంకేంది," అంది కోసి, "ఊరు దాటియ్యుండ్రి. బొమ్మ బందు జెయ్యుండ్రి."

బొమ్మ బందయితే తన పేరూ బందే. ఆ ఒక్క ఆలోచనతో కృష్ణకుమారి నోట్లోంచి, తనకే తెలియకుండా, ఒక చుట్టరికం ఊడిపడింది.

"ఎవరూ లేకపోవడమేమిటి? నేను వీడికి మేనత్తను."

సభ సర్దుకుని కూర్చుంది. మనిషికి ఒక దిక్కు కనిపిస్తే పంచాయితీకి కూడా మర్యాద వస్తుంది. ఎవరో ఆవిడకు చాప తెచ్చి వేశారు. ఇంకెవరో, అయితే మోటారాయన ఈ పోరనికి మామ అయితడు గదా అని వరస తేల్చారు.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. లచ్చు మాయమయ్యాడు.

"పారిపోయిండు," అన్నాడు సుమన్.

"కరెంటు పోయింది బాబూ," అన్నాడు వీరేందర్.

"దొంగలకు కరెంటు పోవుడే గదా కావాల్సింది."

కరెంటు వచ్చేదాకా అందరూ ఎదురుచూశారు. వచ్చింది. అయితే టీవీకి ఎక్కడ ఆగిందో గుర్తులేదు. మొదటి నుంచి మొదలుపెట్టింది. రిమోటు ఎవరి కింద ఉందో ఎంతకూ దొరకలేదు. ఆకుల టోపీ సర్దుకుని లచ్చు మళ్లీ ఎలుగుబంటి చేతిలో చచ్చి, మళ్లీ లేచి, మళ్లీ తోపులోకి వచ్చి, కోసి ఊడ్చిపెట్టుకున్న చోటి నుంచి పువ్వు ఎగరేసుకుపోయాడు.

"పంచాయితీ ముంగటనే," అంది కోసి, ఇంక చెప్పేదేమీ లేనట్టు.

మేనత్తకు తల కొట్టేసినట్టయింది. పెంపకం ఎవరిదని అందరూ తనవంకే చూస్తున్నట్టనిపించి, కొంగు భుజం మీదికి లాక్కుంది. రిమోటు ముయా కిందే దొరికింది.

ఇక లాభం లేదని వీరేందర్ లేచాడు. ఆటల్లో ఏరుకోవడం దొంగతనం కిందికి రాదని, ఎన్ని ఏరితే అంత స్కోరని, స్కోరు పెరిగితే బలం పెరుగుతుందని చెప్పాడు.

"ఏరింది అమ్ముకోడా?" ముయా అడిగాడు.

"అమ్ముకోడు."

"సారా కాసుకోడా?"

"పిల్లల సీరియలండీ."

"మరి అంత పువ్వు ఏం జేసుకుంటడు?"

కంపెనీ మీటింగుల్లో ఆ సంగతి రానే లేదు. "పోనీ చెట్లు తీసేస్తాం. రాళ్లు పెట్టేస్తాం. రాళ్లు ఏరుకుంటాడు," అన్నాడు.

కోసి గిరుక్కున తిరిగింది. "నా చెట్టు తీసేస్తవా? టీవీల పడ్డ చెట్టును తీసేస్తనంటడేంది ఈ పోరడు? నా బిడ్డకు నా తర్వాత ఆ చెట్టే. తీసి జూడు."

చెట్టు ఉండాలి, పువ్వు ఏరకూడదు, వీడేమో ఏరకుండా పరుగెత్తలేడు. వీరేందర్ మెల్లగా ఫోన్ తీశాడు. రాయపూర్ నంబరు కోసమని కృష్ణకుమారికి అర్థమైంది. మాటలు అన్న చోట ఎవరో ముక్కూమొహం తెలియనివాడి పేరు ఆవిడ కళ్లకు అప్పుడే కనిపించింది. ఆవిడ కోసి పక్కకు జరిగి, ఏదో కూర సంగతి అడిగినట్టు అడిగింది.

"కోసమ్మా, ఒక మాట. ఇంటి అల్లుడు ఏరితే దొంగతనమవుతుందా?"

"అల్లుడేరితే దొంగతనమెట్లయితది? పని అయితది."

"ఇల్లటం అల్లుడైతే?"

పిల్లను చేసుకోవాలనుకున్నవాడు ముందు పిల్ల ఇంట్లో ఉండి చాకిరీ చేసి మెప్పించడం ఆ గూడెంలో కొత్త సంగతేమీ కాదు. కోసి లేచి టీవీ దగ్గరికెళ్లి లచ్చును కాలి వేలి నుంచి టోపీ దాకా చూసింది, సంతలో కోడెను చూసినట్టు.

"పిక్కలు సన్నం. దుక్కికి పనికిరాడు," అంది. "ఏరుడైతే మస్తు ఏరుతాండు. ఉండనియ్యుండ్రి మా ఇంట్ల."

"మీ ఇంట్లనే ఎందుకుంటడు?" జంట చెట్లవాళ్లు అందుకున్నారు. "మా చెట్ల కింద ఎక్కువేరిండు. మా ఇంటికే రావాలె."

"మీకు పిల్లేది?"

"పిల్ల లేకుంటే ఏంది, పనుంది."

ఇంకో ఇంటివాళ్లు లేచారు. మరో ఇంటివాళ్లూ లేచారు. కొడుకులు తప్ప కూతుళ్లు లేని ముయా కూడా, న్యాయం అందరికీ ఒకటేనని, తన వాటా అల్లుణ్ని వదులుకోనన్నాడు. చివరకు తీర్పు ఇలా వచ్చింది: లచ్చు పువ్వు ఏరిన ప్రతి ఇంటికీ ఇల్లటం అల్లుడే. బొమ్మలో చెట్లు ఏ వరసలో వస్తే ఆ వరసలో, భాగానికి ఒకరింట్లో చాకిరీ చేయాలి. కుండ పగలగొట్టిన చోట కుండ చేసి పెట్టాలి. ఇదంతా అయ్యాకే బురుజు.

వీరేందర్ ఫోన్ జేబులో పెట్టేశాడు. కథ లేదని కంపెనీలో నెలల తరబడి జుట్టు పీక్కున్నారు. ఇక్కడ అడక్కుండానే సంవత్సరానికి సరిపడా కథ వచ్చిపడింది.

"నన్నెవలన్న అడిగిర్రా?" అంది జోగే. అప్పటిదాకా ఆమె గోడకానుకుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. "ఇంతమంది ఇండ్ల అల్లుణ్ని నేనేం జేసుకుంట?"

"నచ్చకపోతే పంపిచ్చెయ్," అన్నాడు ముయా. "అది నీ ఇష్టం. ఎప్పటికీ ఉన్నదే."

"అట్ల కుదరదండీ," వీరేందర్ గాభరాపడ్డాడు. "అన్ని లెవెల్స్ దాటి అంతదూరం వచ్చాక పిల్ల వద్దంటే ఎట్లా?"

"అంతదూరం నేను రమ్మన్ననా?" అంది జోగే.

అది అలాగే ఉంచేశారు. ఇక సుమన్ గొంతిస్తే చాలు. సుమన్‌కు ఇంకా ఒక మెలిక మిగిలే ఉంది.

"మనకెరుకే వీడు అల్లుడని. భద్రాచలంల చూసేటోనికేమెరుక? దొంగే అనుకుంటడు. ముందుగాల్నే రాయాలె, వీడు దిక్కులేనోడు గాదు, వీని మేనత్త ఫలానా అని. అనుమానమున్నోడు పోయి ఆమెను అడుగుతడు."

"బరాబర్," అన్నాడు ముయా. "మోటరమ్మ పేరు రాయాలె. మేనత్త అని."

"ఆవిడ పేరు ఎలాగూ పడుతుందండీ," అన్నాడు వీరేందర్. "మాటలు: కృష్ణకుమారి అని."

"మాటలామెయి ఎట్లయితయి? నా మాట నేనే అంటన్న గదా," అన్నాడు సుమన్.

"నా మాట మా అవ్వే నాకు చెప్పలేదు. ఈమె జెప్తదా?" అంది జోగే.

"ఒక్క మనిషికి రెండు జాగలల్ల పేరెందుకు?" అన్నాడు ముయా. "జూసేటోడు ఇద్దరనుకుంటడు. సాక్ష్యం పల్చబడతది."

అందరూ కృష్ణకుమారి వైపు చూశారు. 'మాటలు' అని పేరు పడాలంటే గొంతులు లేవు. గొంతులు కావాలంటే మేనత్తగా ఉండాలి. సాహిత్యంలో పట్టా పుచ్చుకుని, తెర మీద ఒక కార్టూను కుర్రాడి మేనత్తగా వెలగడం ఏ కోర్సులోనూ లేదు. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని లేచి, వీరేందర్‌కు చెప్పింది.

"మేనత్త అనే వెయ్యి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. నా చుట్టూ ఎవరి పేర్లూ ఉండకూడదు."

రికార్డింగ్ ఆ సాయంత్రమే మొదలైంది. ఆవిడ రాసిన కాగితాలు పెట్టె ఒరగకుండా కింద పెట్టడానికి పనికొచ్చాయి. ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు. ఎలుగుబంటి కొట్టే ముందు లచ్చును ఊరూ పేరూ అడిగింది.

సీరియల్ మొదలయ్యాక బాగానే నడిచింది. ఆట కంపెనీవాళ్లు కూడా సంతోషించి, సీరియల్‌కు తగ్గట్టు ఆటను మార్చారు. ఇప్పుడందులో ఏ చెట్టు దగ్గరికెళ్లినా ముందు వాకిలి ఊడవాలి. ఎక్కడో బొంబాయిలో, బెంగుళూరులో కుర్రాళ్లు రాత్రీపగలూ ఒక ముసలమ్మ పశువుల కొట్టం కడుగుతున్నారని, ఎంత కడిగినా ఆమె తృప్తిపడటం లేదని వీరేందర్ చెప్పాడు.

కుంట బజారులో కృష్ణకుమారిని ఆపి మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. "మీ పోరడు ఈ వారం ఎవలింట్లున్నడమ్మా?" అని కూరగాయలావిడ అడిగేది. మందుల దుకాణమాయన, కుర్రవాడు బొత్తిగా చిక్కిపోయాడండీ అన్నాడు. మొదట్లో ఆవిడ నవ్వి ఊరుకునేది. తర్వాత తర్వాత, "ఏం చేస్తామండీ, పరాయిచోటు," అనడం మొదలుపెట్టింది.

కోసి ఇంటి వంతు వచ్చిన భాగం ఆవిడ కళ్లార్పకుండా చూసింది. లచ్చు పొద్దున్నే లేచి ఆకులు కాల్చాడు, పువ్వు ఏరి ఎండబోశాడు, తట్ట అల్లాడు, కంచె కట్టాడు. జోగే గొంతున్న బొమ్మపిల్ల రెండుసార్లు అటుగా వెళ్లింది, రెండుసార్లూ వాడి వంక చూడలేదు. అరగంట అయిపోయింది. కృష్ణకుమారి టీవీ కట్టేసి, చెప్పులేసుకుని, ఎర్రబోరు వెళ్లే బండెక్కింది.

కోసి వాకిట్లో చింతపండు కొడుతోంది.

"ఏంది కోసమ్మా, మావాడు తెల్లారిందగ్గర్నుంచి చాకిరీ చేస్తే నోట్లోకి ఇంత జావయినా పొయ్యలేదేం మీ ఇంట్లో?"

కోసి చింతపండు కొట్టడం ఆపింది. "పని జేసినట్టు జేసిండా వాడు? ఆ కంచె జూసినవా? మేకపిల్ల తుమ్మితే పడతది. జావంట జావ."

"వాడికి కంచె కట్టడం మీరు నేర్పించారా?"

"మేనత్తవు గదా, నువ్వేం నేర్పి పంపినవు?"

ఇద్దరి గొంతులకూ ఇరుగుపొరుగు చేరారు. సగంమంది కంచె తప్పన్నారు, సగంమంది జావ తప్పన్నారు. గొడవ విని ముయా కండువా సవరించుకుంటూ వచ్చి, రెండు పక్షాలూ విని, మళ్లీ సంత తెల్లారికి పేశీ వేశాడు. ఈసారి ఫిర్యాదీ కృష్ణకుమారి.